గుట్టెక్కిన బిందె

పోయిన ఎండాకాలం పదహారు మంది పిల్లలు మా కాలనీ వెనక గుట్ట మీద సర్కారు తుమ్మ పీకడానికి పోతామన్నప్పుడు, వద్దన్న మొదటి మనిషిని నేనే. అది మే నెల. వరంగల్‌లో ఆ నెలలో పొద్దున తొమ్మిది దాటితే బండ మీద రొట్టె కాల్చుకోవచ్చు. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి పోతారట, చేతుల్లో గొడ్డళ్లు, గడ్డపారలు పట్టుకుంటారట. తిన్న కంచం తీయడానికే నాలుగుసార్లు చెప్పించుకునే పిల్లలు గుట్ట శుభ్రం చేస్తారంటే నాకు నమ్మకం కుదరలేదు.

నా కూతురు బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడి పని చేస్తుంది. అందుకని దాని బిడ్డ ఎటు పోవాలన్నా నేను ఒప్పుకోవాలి. మనవరాలు అప్పుడే తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. అడవుల ఆఫీసు నుంచి ఒక చిన్న ఆఫీసరమ్మ స్కూటీ మీద వచ్చి పిల్లలందరికీ కాగితాలు పంచింది. సెలవుల్లో నెల రోజులు, పొద్దున ఆరు నుంచి పది దాకా పని. గుట్ట ఇవతలి వాలు మీదున్న సర్కారు తుమ్మను వేళ్లతో సహా తీయాలి. గుంతలు తవ్వి, వానలు పడగానే కానుగ, నేరేడు, రేల, మోదుగ మొక్కలు పెట్టాలి. చేసినవాళ్లకు ఒక టోపీ, ఒక సర్టిఫికెట్.

సర్కారు తుమ్మ సంగతి తెలియనివాళ్లుంటే చెప్తాను. అది ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగే ముళ్ల చెట్టు. ఒకటి మొలిస్తే మూడేళ్లలో చుట్టూ ఇంకేదీ బతకదు. వంటచెరకు కోసం ఎప్పుడో సర్కారు తెచ్చి పెట్టిందని మా పెద్దలు అనేవాళ్లు. ఇప్పుడు ఆ సర్కారే పీకమంటోంది.

"పిల్లను పంపుండ్రి అవ్వా," అన్నది ఆఫీసరమ్మ.

"పంపుత. కాల్ల ముల్లు దిగితే మీ సర్టిఫికెట్ పెట్టి తియ్యాల్నా?"

ఆమె నొచ్చుకోలేదు. "మిగిలిన ఆడపిల్లల తల్లులు గూడ గిట్లనే అంటాండ్రు. పెద్దమనిషి ఒకరు ఉంటే పంపుతరట. మీరే రాండ్రి. నీడకు కూసునుడే, పనేం ఉండది."

పనేమీ లేకుండా నాలుగు గంటలు కూర్చోవడం నా ఒంటికి పడదు. కానీ మనవరాలు తలుపు పక్కన నిలబడి, ఊపిరి బిగబట్టి నా నోటి వైపే చూస్తోంది.

"వస్త. కని, అక్కడ నా మాట నడవాలె," అన్నాను.

"నడుస్తది అవ్వా," అన్నది పాపం, దేనికి ఒప్పుకుందో తెలియక.

మొదటి రోజు గుట్ట కింద అందరినీ నిలబెట్టి ఆఫీసరమ్మ అసలు సంగతి చెప్పింది. "ఇవతలి వాలు మీ చేతుల పెడుతున్న. వానలు పడ్డంక మా పెద్దసారు వచ్చి చూస్తడు. తుమ్మ మళ్ల మొలవకుంటే, వచ్చే ఎండాకాలం అవతలి వాలు గూడ మీకే. మొలిస్తే మాత్రం అది కాంట్రాక్టరుకు పోతది. మిషన్ పెట్టి గీకిపిస్తరు."

పిల్లల మొహాలు మారిపోయాయి. అవతలి వాలు మీద తుమ్మల మధ్య సీతాఫలం పొదలున్నాయి. బండల పక్కన నెమళ్లు గుడ్లు పెడతాయి. మిషన్‌కు ముల్లేదో పండేదో తెలియదు, అన్నిటినీ ఒకటే తీరుగా గీకి అవతల పారేస్తుంది. నా మనవరాలు ఆరేళ్లప్పటి నుంచి ఏటా దసరా ముందు అక్కడి కాయలే కోసుకొచ్చి నా బియ్యం డబ్బాలో మాగబెడుతుంది. ఆ మాట వినగానే అది నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు దానికి కూడా తెలియదనుకుంటాను.

అప్పుడు నేను నా మాట మొదలుపెట్టాను. పనిముట్టు పారేయొద్దు. అన్నం పారేయొద్దు. చిప్సు కాగితం గుట్ట మీద వదలొద్దు. ఆరు దాటి రావొద్దు. గుట్ట మీద నీళ్లు లేవు, కింద బోరింగు దగ్గర నింపి మోసుకుపోవాలి. దానికి మా ఇంటి నుంచి అడుగున రెండు మాట్లు పడ్డ పాత ఇత్తడి బిందె తెచ్చాను. "తప్పు చేసినోళ్లు మరునాడు ఈ బిందె నిండ నింపి, మీదికి మొయ్యాలె. ఎవరన్న సరే."

తెల్ల బూట్లు వేసుకొని వచ్చిన పిల్లవాడొకడు చెయ్యెత్తాడు. ముళ్ల పనికి తెల్ల బూట్లు. "ఎవరన్న అంటే ఆఫీసర్ మేడం గూడనా అవ్వా?"

"ఆమె గూడ."

"నువ్వు గూడనా?"

"నేను తప్పు చేసినప్పుడు చూద్దాం. నువ్వు ముందు ఆ బూట్లిప్పి పాతయి తొడుక్కొనిరా. వచ్చేవరకు ఆరు దాటుతది. రేపటి బిందె నీదే."

అందరూ నవ్వారు. బిందెకు ఆ విధంగా మొదటి మనిషి దొరికాడు. తర్వాత కూడా ఎక్కువగా వాడికే దొరికేది. గడ్డపారకు ఫోను ఆనించి రీలు తీసుకుంటూ ఒకరోజు, చద్ది పెట్టెలో మిగిలిన ఉప్మా పొద వెనక పారేసి ఒకరోజు. ఆదివారం చర్చికి పోయి ఎనిమిదింటికి వచ్చే పిల్లను మాత్రం వదిలేశాను. "గది అన్యాయం అవ్వా" అన్నాడు బూట్లవాడు. "నువ్వు గూడ దేవుని దగ్గరికే పోయిరా. రీలు దగ్గరికి పోయినోని ఆలస్యమే నాకు లెక్క" అన్నాను.

మొదటి రెండు రోజులు నీడకే కూర్చున్నాను. మూడో రోజు ఇక కూర్చోలేకపోయాను. పిల్లలు తుమ్మను నేల మట్టానికి నరికి, ఆ తర్వాత మొద్దు చుట్టూ కోడి గీరినట్టు గీరుతున్నారు. నేను నర్సంపేట దారిలో ఒక పల్లెలో పుట్టి, పెళ్లయ్యేదాకా కూలికి పోయినదాన్ని. పొలంలో మొద్దు తీయడం నాకు చిన్నప్పటి పని.

"మొద్దు మోకాలంత ఉంచుండ్రి. అదే మీ పట్టు. పట్టు నరుక్కుంటే దేన్ని పట్టి గుంజుతరు?"

చుట్టూ మూరెడు లోతు తవ్వించి, పక్క వేళ్లు కోయించి, గడ్డపార అడుగుకు పెట్టించి, నలుగురిని మొద్దు మీద వాలమన్నాను. లోపల తల్లివేరు తెగినప్పుడు ఒక మోత వస్తుంది. మొదటిసారి ఆ మోత రాగానే నలుగురూ మొద్దు మీదే బోర్లాపడ్డారు. లేచి ఒకరినొకరు చూసుకొని, మళ్లీ ఇంకో మొద్దు దగ్గరికి ఉరికారు. అప్పటి నుంచి వాళ్లను పనిలో పెట్టడం కన్నా పది కాగానే ఆపడం కష్టమైంది.

ఎవరు ఏ గుంత తవ్వారో, ఏ పార ఎవరి దగ్గరుందో మనవరాలికి నోటికి వచ్చేది. పిల్లలే చేతులెత్తి దాన్ని మేస్త్రీని చేశారు. అది అరుస్తుంటే ఆఫీసరమ్మ ఒకరోజు నాతో, "అవ్వా, కండ్లు మూసుకుంటే మీరే అరిసినట్టున్నది" అన్నది. మెచ్చుకుందో ఎత్తిపొడిచిందో అడగలేదు.

కొని తెచ్చిన చేతి తొడుగులు వారంలో చినిగిపోతే ఇళ్లలోని పాత జీన్స్ ప్యాంట్లు తెమ్మని, కాళ్లు కత్తిరించి తొడుగులు కుట్టాను. మక్క రవ్వ గట్క కాచి, మజ్జిగ పోసి క్యానులో తెస్తే మొదట ముక్కులు మూసుకున్నారు. ఐదో రోజుకు బూట్లవాడు గ్లాసు పట్టుకొని వరుసలో ముందుకు తోసుకుంటుంటే, "ముక్కు మూసుకోవైతివి" అన్నాను. "పని చేసినంక ముక్కు పనిచేస్తలేదవ్వా" అన్నాడు.

ఇప్పుడు కాయల సంగతి చెప్పాలి.

ఎండాకాలంలో సర్కారు తుమ్మకు పసుపు పచ్చని కాయలు గుత్తులుగా కాస్తాయి. తియ్యగా ఉంటాయి, మేకలకు మహా ఇష్టం. నరికిన కొమ్మలతో పాటు వాటిని కూడా కుప్ప పోసి తగలబెడదామన్నారు పిల్లలు. మేత దొరకని రోజుల్లో మేత తగలబెట్టడం నేను చూడలేను. మా గల్లీ చివర ఒకాయనకు నలభై మేకలున్నాయి. ఆయనతో మాట్లాడాను. "కాయలు నీకు, పెంటికలు నాకు." ఆయన సరేనన్నాడు. రోజూ పది గంటలకు గుట్ట దిగేటప్పుడు ఒక సంచి కాయలు నెత్తిన పెట్టుకొని పోయి ఆయన దొడ్లో పోశాను. నెల చివరికి దొడ్డి మూలన పెంటికల కుప్ప నా నడుమెత్తు లేచింది. ఆ కుప్పను చూస్తే నాకు కడుపు నిండినట్టు ఉండేది.

గుంతలు తవ్వడం అయిపోయింది. మాగిన ఎరువు బస్తాలు ఇంకో వారానికి వస్తాయి, అప్పటిదాకా గుంతలు ఎండనివ్వండని ఆఫీసరమ్మ చెప్పింది. ఊరికే వచ్చిన ఎరువు దొడ్లో పెట్టుకొని బస్తాల కోసం ఎదురుచూడటం నాకు దండగ అనిపించింది. మరునాడు పొద్దున ఆమెకు చెప్పకుండానే పిల్లలందరితో తట్టలు పట్టించి, పెంటికలన్నీ గుట్టకు మోయించి, గుంతకు రెండు దోసిళ్ల చొప్పున వేయించాను.

మనవరాలు తట్ట దించి, ఒక పెంటికను వేళ్లతో నలిపి చూసింది. "అమ్మమ్మా, ఇది మాగిందేనా?"

"నువ్వు పుట్టకముందు నుంచి పెంట మోసిన. నాకు చెప్తానవా?"

అది మళ్లీ తట్ట ఎత్తుకుంది.

నెల ముగిసిన రోజు అందరికీ సర్టిఫికెట్లిచ్చారు. నాకు కూడా ఒకటి. నేను చదివింది మూడో తరగతి, అది కూడా సగం. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకునే వాళ్లు లేక మానేశాను. సర్టిఫికెట్ అనేది చేతికి రావడం అదే మొదలు. దాని వెనక వైపు తెల్లగా ఉంది కదా అని ఇది రాయడం దాని మీదే మొదలుపెట్టాను. చాలక, మనవరాలి పాత నోట్‌బుక్కుల్లో మిగిలిన కాగితాలు చింపి కుట్టుకున్నాను.

జూన్ చివరికి రెండు మంచి వానలు పడ్డాయి. ఒక ఆదివారం పిల్లలు మొక్కలన్నీ పెట్టేశారు. ఆ తర్వాత మూడు వారాలు ముసురు. బడులు కూడా తెరవడంతో గుట్ట వైపు ఎవరం పోలేదు. పెద్దసారు వస్తున్నాడని ఫోను వచ్చిన ఆదివారమే మళ్లీ అందరం గుట్ట దగ్గర కలిశాం. పిల్లలంతా టోపీలు పెట్టుకొని వచ్చారు. బూట్లవాడు ఆ తెల్ల బూట్లు మళ్లీ తొడిగాడు. సారు వస్తున్నాడని వదిలేశాను.

సారు గొడుగు పట్టుకొని సగం దాకా ఎక్కి ఆగాడు. మొక్కలన్నీ బతికాయి. కానీ ఏ గుంత చూసినా మొక్క చుట్టూ సన్నసన్న ఆకుల పచ్చదనం. దాన్ని గుర్తుపట్టడానికి దగ్గరికి పోవాల్సిన పని లేదు.

"ఏందమ్మా ఇది? అంత తుమ్మనే కదా," అన్నాడు ఆఫీసరమ్మతో. "వేర్లు తియ్యలే. మీదమీద నరికి ఫొటోలు దిగిండ్రు."

"లేదు సార్, వేర్లు తీసిన్రు. నేను చూసిన."

"చూస్తే గిది యాడికెల్లి వచ్చింది?"

 అప్పుడు నా మనవరాలు టోపీ తీసి చేతిలో పట్టుకొని ముందుకు వచ్చింది. "మేస్త్రీని నేనే సార్. ఏమన్న మిగిలితే నాదే తప్పు."

నేను వంగి దగ్గరి గుంతలోంచి ఒక మొలకను పీకాను. మొద్దు నుంచి చిగిరిస్తే రెండు చేతులతో గుంజినా రాదు. ఇది రెండు వేళ్లకే వచ్చేసింది. వేలెడు పొడుగు, దారమంత వేరు. ఆ వేరుకు అంటుకొని సగం కరిగిన మేక పెంటిక ఒకటి.

నాకు మొత్తం అర్థమైంది. మా పల్లెలో కంచెకు తుమ్మ గింజలు కావాలంటే మేకల దొడ్లోనే ఏరేవాళ్లం. మేక కడుపులోంచి వచ్చిన గింజ మామూలు గింజ కన్నా తొందరగా మొలుస్తుంది. ఎరువు కుప్పలో వేడెక్కి మాగితేనే ఆ గింజ చస్తుంది. ఇదంతా నాకు ఎనిమిదేళ్లప్పుడే తెలుసు. తెలిసి కూడా, పిల్లలు గుట్ట మీద నరికిన తుమ్మను నెల రోజులు నా నెత్తి మీద కిందికి మోసి, వాళ్ల తట్టల్లోనే మళ్లీ పైకి ఎక్కించాను.

మనవరాలు నా చేతిలోని మొలక వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. మాగిందేనా అని అడిగిన పిల్ల అది. నోరు తెరిస్తే ఒక్క మాటతో తప్పించుకునేది. తెరవలేదు. తల దించుకొని టోపీ అంచు నలుపుతూ నిలబడింది. ఇంకొంచెం సేపు ఊరుకుంటే అవతలి వాలు మిషన్‌కు పోతుంది, మాట ఈ పిల్ల మీద పడుతుంది, నేను మాత్రం పెద్దమనిషిగానే ఇంటికి పోతాను.

"సారూ, ఇటు జర చూడుండ్రి," అన్నాను. "పిల్లలు వేర్లు మంచిగనే తీసిన్రు. ఇది మొద్దుది కాదు, గింజది. గింజ తెచ్చింది నేను. ఈ పిల్ల అడిగింది, మాగిందా అమ్మమ్మా అని. నేనే నోరు మూపిచ్చిన."

"మీరెవరమ్మా?"

"వీళ్లకు కాపలా."

వెనక ఎవరో ముక్కుతో నవ్వి ఆపుకున్నారు. సారు గొడుగు ఆఫీసరమ్మకు ఇచ్చి, పైదాకా ఎక్కి వచ్చి, మూడు నాలుగు గుంతల్లో తనే పీకి చూశాడు. ప్రతి దానికి అదే దారం వేరు. చేతులు దులుపుకున్నాడు. "వారం టైమిస్తున్న. వచ్చే ఆదివారానికి ఒక్క మొలక కనపడొద్దు. కనపడితే ఇగ నేనేం చెయ్యలేను."

గుట్ట దిగాం. బోరింగు దాకా వచ్చాక బూట్లవాడు గొంతు సవరించుకున్నాడు.

"అవ్వా. రేపటి బిందె ఎవరిది?"

"ఊకో రా," అన్నది మనవరాలు.

"ఎందుకు ఊకుంటడు? మంచిగనే అడిగిండు," అన్నాను. "రేపు ఆరింటికి అందరు ఉండాలె. బడి టైముకు గంట పని. బిందె నాది."

మరునాడు పొద్దున సన్నగా తుంపర. పదహారు మందీ నాకన్నా ముందే వచ్చి ఉన్నారు. బూట్లవాడు బోరింగు కొట్టి, బిందె సగం కాగానే చెయ్యి ఆపాడు.

"నిండ కొట్టు."

"జారుతదవ్వా. వానల ఎవరికి దూప గాదు, సగం చాలు."

"నువ్వు సగమే మోసినవా?"

"నాలుగుసార్లు నిండనే మోసిన."

"ఐదుసార్లు," అన్నది మనవరాలు.

వాడు నిండా కొట్టాడు. పాత బట్ట చుట్టకుదురు చేసుకొని బిందె నెత్తికి ఎత్తించుకున్నాను. ఎత్తించడం వరకే సాయం, అది కూడా నేను పెట్టిన పద్ధతే. ఇన్ని రోజులూ ఆ బరువును కింద నుంచి చూడటమే తప్ప గుట్ట ఎక్కిస్తే ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. మొదటి మలుపు దగ్గరే మెడ నరాలు పట్టేశాయి. నేను ఆగితే పిల్లలందరూ ఆగారు. నేను కదిలితే కదిలారు. ఇట్లా మూడుసార్లు. ఇటివ్వమని ఒక్కరూ అనలేదు, అంటే నాకు కోపం వచ్చేది. మనవరాలు మాత్రం నాకు రెండడుగుల ముందు నడుస్తూ, దారిలో కదిలే రాళ్లను ఒక్కొక్కటే కాలితో పక్కకు తోసింది. దాన్ని సాయం అనాలో వద్దో నా పద్ధతుల్లో లేదు కాబట్టి ఊరుకున్నాను.

పైన బిందె దించాక అది గ్లాసు ముంచి మొదట నాకిచ్చింది. తర్వాత తను తాగింది. ఆ తుంపరలో ఎవరికీ దాహం లేదు. అయినా ఒకరి తర్వాత ఒకరు వచ్చి మిగిలిన పదిహేను మందీ తాగారు. బూట్లవాడు రెండు గ్లాసులు తాగి, "ఈ రోజు నీళ్లు మంచిగున్నయవ్వా" అన్నాడు. తంతానన్నాను.

ఆ వారం రోజులు పొద్దున గంట సేపు అందరం గుంతల చుట్టూ గొంతుకు కూర్చొని మొలకలు పీకాం. మిగిలిన పెంటికలు కూడా ఏరి తట్టల్లో వేసుకున్నాం. ఆదివారం సారు వచ్చి ప్రతి గుంత తిరిగాడు. చివరి వరుసలో ఒక రాయి జరిపి చూస్తే దాని కింద ఒక్క మొలక, తెల్లగా పాలిపోయి ఉంది.  సారు వంగి దాన్ని పీకి తన చొక్కా జేబులో వేసుకొని, "ఇగ పోదాం పా" అన్నాడు ఆఫీసరమ్మతో. నాలుగు రోజుల తర్వాత ఆమె ఫోను చేసింది. అవతలి వాలు పిల్లలకే. ఆ దసరాకు నా బియ్యం డబ్బాలో మళ్లీ సీతాఫలాలు చేరాయి.

ఏరుకొచ్చిన పెంటికలను పారేయలేదు. ఇంటి వెనక నడుము లోతు గుంత తవ్వించి, ఆకు ఒక వరుస, పెంటికలు ఒక వరుస వేసి, నీళ్లు చల్లి మట్టి కప్పాను. మేకలాయన దొడ్లో కొత్తగా పోగైనవి కూడా అందులోనే వేస్తున్నాను. మధ్యలో ఒక కర్ర గుచ్చి ఉంచాను. లోపల ఎంత వేడిగా ఉందో ఆ కర్ర చెప్తుంది. వేడి పుట్టి, చల్లారి, నలిపితే మట్టి వాసన వస్తే మాగినట్టు.

ఆదివారం ఆదివారం గుట్ట మీది మొక్కలు చూసొచ్చి, మనవరాలు చెప్పులు విడవకముందే ఇంటి వెనక్కి పోతుంది. "అమ్మమ్మా, మాగిందా?"

"నువ్వే చూడు," అంటాను.

అది కర్ర బయటికి లాగి, కొసను అరచేతిలో పట్టుకొని, కండ్లు మూసుకొని కాసేపు నిలబడుతుంది.

"ఇంక కాలే."

కాలేదంటే కాలేదు. కర్ర మళ్లీ గుచ్చేస్తాను.